330 డిగ్రీలు: ‘లేడీ బీ గుడ్’ కేసు, ఒక కంట్రోలర్ కుర్చీలోంచి

కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా డైరెక్షన్ ఫైండింగ్ (రేడియో సిగ్నల్‌తో దిక్కు కనుక్కోవడం) క్లాసులో బోర్డు మీద ముందుగా ఒక అంకె రాస్తాను: 330. ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపుగా కొలిచే డిగ్రీలు అవి. "మన స్టేషన్‌లో మీటరు ఈ అంకె చూపిస్తోంది. విమానం ఏ దిక్కున ఉంది?" అని అడుగుతాను. వాస్తు పుణ్యమా అని మన పిల్లలకు మూలల పేర్లు బాగానే వస్తాయి. అందరూ ఒకేసారి "వాయవ్యం సార్" అంటారు. "ఆగ్నేయంలో ఉండకూడదా?" అంటే నవ్వుతారు. అప్పుడు లిబియా ఎడారిలో పోయిన ‘లేడీ బీ గుడ్’ అనే బాంబర్ కథ మొదలుపెడతాను. క్లాసు అయ్యేసరికి ఎవరూ నవ్వరు.

ముప్ఫై ఏళ్లకు పైగా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు అప్పుడప్పుడు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. యుద్ధ చరిత్ర నా రంగం కాదు. ‘లేడీ బీ గుడ్’ గురించి చదివే చాలామందికి ఎడారి, అస్థిపంజరాలు, డైరీ గుర్తుండిపోతాయి. ఆ విమానం విడిభాగాలు అమర్చిన విమానాలకు శాపం తగిలిందనే కబుర్లు కూడా ఉన్నాయి, వాటి జోలికి నేను పోను. నాకు పట్టింది ఒక్క రేడియో సంభాషణ. 1943 ఏప్రిల్ 5, అర్ధరాత్రి దాటి 12 నిమిషాలకు జరిగింది. ఒక ప్రశ్న, ఒక జవాబు, అంతే. తర్వాత జరిగినదంతా దాంట్లోంచే వచ్చింది.

విమానం, తొమ్మిది మంది

అది అమెరికన్ సైన్యపు బీ-24డీ లిబరేటర్. నాలుగు ఇంజన్ల హెవీ బాంబర్. ముక్కు మీద 64 అంకె, పక్కన పేరు. 376వ బాంబర్డ్‌మెంట్ గ్రూపు, 514వ స్క్వాడ్రన్. బేస్ లిబియాలోని సొలూక్, బెంఘాజీకి ఆగ్నేయంగా యాభై కిలోమీటర్ల దూరంలో ఇసుకలో చదును చేసిన మైదానం.

లిబరేటర్ పేరు మన దేశంలోనూ తెలిసినదే. యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాళ్లు కాన్పూర్‌లో పనికిరావని వదిలేసి పోయిన లిబరేటర్లను హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు బాగుచేసి ఎగిరించారు. మన వైమానిక దళం మొదటి హెవీ బాంబర్లు అవే, 1968 దాకా పనిచేశాయి. నాకు రేడియో పాఠం చెప్పిన పెద్దాయన పుణేలో వాటి మీదే సిగ్నలర్‌గా ఎగిరినవారు. ఈ కేసు నేను మొదట విన్నదీ ఆయన నోటే. సిగ్నల్ దిక్కు పట్టడానికి తిప్పే చుట్ట యాంటెన్నానే లూప్ అంటారు. "ఒరేయ్, లూప్ ఎప్పుడూ అబద్ధం చెప్పదు. కానీ సగమే చెబుతుంది" అనేవారు.

పైలట్ లెఫ్టినెంట్ విలియం హాటన్. కో-పైలట్ రాబర్ట్ టోనర్. నావిగేటర్ హేస్, బాంబార్డియర్ జాన్ వొరావ్కా, ఫ్లయిట్ ఇంజనీర్ హెరాల్డ్ రిప్‌స్లింగర్, రేడియో ఆపరేటర్ రాబర్ట్ లమాట్, గన్నర్లు గై షెల్లీ, వెర్నన్ మూర్, శామ్యూల్ ఆడమ్స్. మొత్తం తొమ్మిది మంది. లిబియాకు వచ్చి పట్టుమని మూడు వారాలు కాలేదు. జట్టుగా వాళ్లకు అదే మొదటి యుద్ధయాత్ర. ఆ విమానం ‘యుద్ధసేవ’ అంటే మొత్తం ఆ ఒక్క రాత్రే. ఒక్క బాంబు కూడా లక్ష్యం మీద పడలేదు.

పగలు

1943 ఏప్రిల్ 4, ఆదివారం. ఇటలీలోని నేపుల్స్ రేవు మీద దాడికి 25 లిబరేటర్లు బయలుదేరాలి. సాయంత్రం వెలుగులో బాంబులు వేసి, చీకట్లో తిరిగి రావాలి. రెండు బృందాలు. మన విమానం రెండో బృందంలో, దాదాపు చివర. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో గాలిదుమారంలో లేచింది. ఇసుక ఇంజన్లలోకి పోయి రెండో బృందంలో చాలా విమానాలు మధ్యలోనే వెనక్కి మళ్లాయి. చివరికి నాలుగే ముందుకు సాగాయి. అందులో ఒకటి హాటన్‌ది.

టోనర్ తన డైరీలో ఆ రోజు దగ్గర 28 విమానాలని రాసుకున్నాడు, అంతా కలగాపులగం అయిపోయిందని కూడా. 25 కాస్తా 28 కావడం పెద్ద తప్పేమీ కాదు. కానీ తమతో పాటు ఎన్ని లేచాయో కో-పైలట్‌కే సరిగా తెలియనంత గందరగోళంలో ఆ రోజు మొదలైందని నాకు అనిపిస్తుంది.

రాత్రి 7:50కి నేపుల్స్ ఇంకా యాభై కిలోమీటర్లు ఉందనగా చీకటి పడిపోయింది, లక్ష్యం కనిపించే పరిస్థితి లేదు. నాలుగూ వెనక్కి తిరిగాయి. రెండు వేరే లక్ష్యం మీద బాంబులు వేశాయి, మిగతా రెండూ సముద్రంలో వదిలేశాయి. అక్కడి నుంచి హాటన్ విమానం ఒంటరి. నావిగేటర్ లాగ్ కూడా ఆ ప్రాంతంలోనే ఆగిపోయింది. పదహారేళ్ల తర్వాత ఆ కాగితాలు దొరికినప్పుడు తిరుగు ప్రయాణం గురించి వాటిలో పనికొచ్చే నమోదు లేదు.

00:12

అర్ధరాత్రి దాటి 12 నిమిషాలకు హాటన్ బెనీనా స్టేషన్‌ను పిలిచాడు. బెంఘాజీ పక్కనున్న ఎయిర్‌ఫీల్డ్ అది. తన ఆటోమేటిక్ డైరెక్షన్ ఫైండర్ పనిచేయడం లేదు, తానెక్కడున్నాడో చెప్పమని అడిగాడు. బెనీనా ఆపరేటర్ లూప్ తిప్పి చూసి చెప్పాడు: 330 డిగ్రీలు.

ఇక్కడ ఆ లూప్ సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు విజయవాడ కేంద్రం సరిగా వినపడకపోతే మా నాన్నగారు అరుగు మీద ట్రాన్సిస్టర్‌ని అటూ ఇటూ తిప్పేవారు. ఒక వైపు పెడితే పాట గట్టిగా వచ్చేది, పావు చుట్టు తిప్పితే సన్నగిల్లి పోయేది. ఇంకో పావు తిప్పి సెట్టు ముఖం గోడకి పెడితే మళ్లీ అంతే గట్టిగా వినిపించేది. ఆ రేడియోలో ఉన్న ఫెర్రైట్ కడ్డీ కూడా ఒక రకం లూపే. స్టేషన్ ఏ గీత మీద ఉందో అది చెప్పగలదు. గీతకు ఏ కొసన ఉందో చెప్పలేదు. డైరెక్షన్ ఫైండింగ్‌లో చేసేదీ ఇదే. గట్టిగా వినిపించే చోటు కంటే శబ్దం చచ్చిపోయే చోటు కచ్చితంగా తెలుస్తుంది కాబట్టి దాన్ని పట్టుకుంటాం. ఒక పూర్తి చుట్టులో అలాంటి చోట్లు రెండు వస్తాయి, ఒకదానికొకటి సరిగ్గా 180 డిగ్రీల ఎదురుగా. వాటిలో ఏది నిజమో తేల్చడానికి లూప్ పక్కన నిలువుగా ఇంకో యాంటెన్నా పెడతారు, సెన్స్ యాంటెన్నా అంటారు. అది లేకపోతే, లేదా వాడకపోతే, 330 అన్నా 150 అన్నా ఒకటే.

అంటే బెనీనా ఆపరేటర్ చెప్పిన అంకె తప్పు కాదు. విమానం నేపుల్స్ వైపు సముద్రం మీదున్నా అదే అంకె వస్తుంది. బేస్ దాటేసి ఆగ్నేయంగా ఎడారిలోకి పోతున్నా అదే అంకె వస్తుంది.

ఇంకో దురదృష్టం చూడండి. మ్యాప్ మీద బెనీనా నుంచి నేపుల్స్‌కు గీత గీసి నేనే కొలిచాను: 331 డిగ్రీలు. అంటే తిరిగొచ్చే విమానం ఏ గీత మీద ఉండాలో సరిగ్గా ఆ గీతే. ఆపరేటర్ 280 అనో 20 అనో చెప్పి ఉంటే హాటన్‌కైనా హేస్‌కైనా అనుమానం వచ్చేది, మ్యాపు మళ్లీ తీసేవారు. 330 అనగానే ఇద్దరికీ ఊపిరి పీల్చుకున్నట్టయి ఉంటుంది. దారి తప్పలేదు, సరైన గీత మీదే ఉన్నాం, బేస్ ఇంకా రాలేదు, అంతే!

‘ఇంకా రాలేదు.’ ఈ కేసు మొత్తం ఈ రెండు మాటల మీద నడిచింది. విమానంలో వాళ్లూ అదే అనుకున్నారు. వెతికినవాళ్లూ అదే అనుకున్నారు.

గడియారం ఏం చెబుతోంది

క్లాసులో ఈ లెక్క పిల్లల చేతే చేయిస్తాను. మీరూ చేయొచ్చు, కూడికలూ భాగహారాలూ చాలు.

నేపుల్స్ నుంచి సొలూక్ దాదాపు 1,150 కి.మీ. యాభై ముందే వెనక్కి తిరిగారు కాబట్టి 1,100 అనుకుందాం. బాంబులు లేని లిబరేటర్ గంటకు 320 కి.మీ. చొప్పున వస్తే మూడున్నర గంటల లోపే. 7:50కి కలిపితే 11:20. లక్ష్యం దగ్గర తచ్చాడింది, బాంబులు వదలడానికి పక్కకు పోయింది, వాటన్నిటికీ ఇంకో అరగంట ఇద్దాం. 11:50. హాటన్ పిలిచింది 12:12కి.

ఇప్పుడు రెండో కొస నుంచి చూద్దాం. విమానం ఎక్కడ కూలిందో మనకు తెలుసు: సొలూక్‌కు ఆగ్నేయంగా 650 కి.మీ. పైనే. మనుషులు దానికి 26 కి.మీ. ముందు, రాత్రి రెండు గంటలకు దూకారు. 12:12 నుంచి రెండు దాకా గంటా నలభై ఎనిమిది నిమిషాలు, అదే వేగంతో 575 కి.మీ. వెనక్కి లెక్కేస్తే 12:12కి విమానం బేస్ దాటి యాభై అరవై కిలోమీటర్లు పోయి ఉంటుంది. గాలిని బట్టి ఇది అటూ ఇటూ జరుగుతుంది, ఆ పాతిక ముప్ఫై కిలోమీటర్ల తేడాకు నేను పూచీ పడను. కానీ రెండు వైపుల నుంచీ చేసిన లెక్కలు ఒకే చోటికి వస్తున్నాయి. ప్రశ్న అడిగేసరికే విమానం బేస్ పరిసరాల్లో ఉంది, లేదా అప్పుడే దాటింది.

మరి హాటన్ ఎందుకు అలా అనుకోలేదు? దీనికి నా దగ్గర ఒక ఊహ ఉంది. ఊహగానే తీసుకోండి. వెళ్లేటప్పుడు వాళ్లకు దాదాపు ఐదు గంటలు పట్టింది. బాంబుల బరువు, దుమారంలో ఒక్కొక్కటిగా లేవడం, గుంపు కట్టడం, పైకెక్కడం. వచ్చేటప్పుడు కూడా ఐదు గంటలే పడుతుందని మనసులో ఉంటే, బేస్ రావాల్సిన టైమ్ 12:50. అప్పుడు 12:12కి ‘ఇంకా నలభై నిమిషాలుంది’ అనే అనిపిస్తుంది. బస్సులో వెళ్లేటప్పుడు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఐదు గంటలు పట్టిన దారి, రాత్రి ఖాళీ రోడ్డు మీద మూడున్నర గంటల్లో అయిపోయి, నిద్రలో ఊరు దాటిపోయినవాళ్లు మనలో చాలామందే ఉంటారు.

బేస్ దగ్గర ఆకాశంలోకి ఫ్లేర్లు పేల్చారు. విమానంలో ఎవరికీ కనిపించలేదు.

అడగని రెండో ప్రశ్న

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సముద్రం ఒడ్డున ఒక చిన్న విమానాశ్రయంలో ఉండేవాణ్ణి. అక్కడ వీహెచ్ఎఫ్ డైరెక్షన్ ఫైండర్ ఉండేది, పాతవాళ్లు హోమర్ అనేవారు. దానికో స్విచ్. ఒక వైపు పెడితే క్యూడీఎమ్ చూపిస్తుంది, అంటే మన దగ్గరికి రావడానికి విమానం పట్టాల్సిన దిశ. ఇంకో వైపు పెడితే క్యూడీఆర్, అంటే మన నుంచి చూస్తే విమానం ఉన్న దిశ. రెంటికీ తేడా 180 డిగ్రీలు. ముందు షిఫ్టులో ఎవరో స్విచ్ మార్చి వెళ్లారు. నేను చూసుకోలేదు. ట్రైనింగ్ విమానంలో ఒంటరిగా ఎగురుతున్న కుర్రాడు క్యూడీఎమ్ అడిగితే, కనబడిన అంకె ధీమాగా చదివేశాను. అతను తిరిగాడు. నిమిషం తర్వాత మెల్లగా, "సార్, ఎదురుగా సముద్రమే కనిపిస్తోంది" అన్నాడు. నా ఒళ్లు చల్లబడింది. సరిచేసి చెప్పాను, దిగాడు, ఏమీ కాలేదు. ఆ రోజు పగలు కాబట్టి, అతనికి కళ్లెదుట సముద్రం ఉంది కాబట్టి బతికిపోయాం, అతనూ నేనూ కూడా.

హాటన్‌కు కింద ఏమీ కనిపించలేదు. చీకట్లో ఇసుక మైదానం పైనుంచి సముద్రంలాగే ఉంటుంది.

సెన్స్ యాంటెన్నా లేకపోయినా ఈ చిక్కు విడదీసే పద్ధతి ఉంది. 1943లోనూ ఉంది. రెండు మార్గాలు చెబుతాను, రెండింటికీ కావాల్సింది ఇంకొంచెం సంభాషణ మాత్రమే.

మొదటిది, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ బేరింగ్ (లూప్ చూపించే దిశ అంకె) తీసుకోవడం. విమానం దూరంగా ఉంటే బేరింగ్ దాదాపు కదలదు. స్టేషన్‌కు దగ్గరగా, కాస్త పక్కగా పోతుంటే గబగబా తిరుగుతుంది. టవర్‌లో కూర్చున్న ప్రతివాడికీ ఇది అనుభవమే: సూది పరిగెడుతోందంటే విమానం నెత్తి మీదుందని అర్థం. ఒక్క బేరింగ్‌తో ఇది ఎప్పటికీ తెలియదు.

రెండోది ఇంకా గట్టిది. గీతకు అడ్డంగా తిరిగి పది నిమిషాలు ఎగరాలి. హాటన్ ఈశాన్యంగా, 60 డిగ్రీల మీద పోయాడనుకోండి. అతను నిజంగా వాయవ్యంలో సముద్రం మీద ఉంటే బెనీనా మీటరు 330 నుంచి 340, 350 అంటూ పెరగాలి. ఆగ్నేయంలో ఎడారి మీద ఉంటే 320, 310 అంటూ తగ్గాలి. పెరిగిందా తగ్గిందా, అదొక్కటి చూస్తే చాలు. పది నిమిషాల పెట్రోలు ఖర్చు. ఆ తర్వాత వాళ్లు ఇంకో గంటా నలభై నిమిషాల పెట్రోలు వాడారు.

ఎందుకు చేయలేదు? హాటన్‌ది మొదటి మిషన్, అప్పటికే తొమ్మిది గంటలకు పైగా గాల్లో ఉన్నాడు. యుద్ధంలో రేడియో మీద ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. ఆపరేటర్ వైపు చూస్తే, ఇటలీ నుంచి రావాల్సిన విమానం ఇటలీ దిక్కు నుంచే పిలుస్తోందనుకోవడంలో వింతేముంది? నా స్విచ్ తప్పుతో పోలిస్తే అతనిది తప్పనడానికి నాకు నోరు రాదు. అడిగిన ప్రశ్నకు ఉన్న పరికరంతో సరైన జవాబే ఇచ్చాడు. పిల్లలు ఎప్పుడూ "తప్పు ఎవరిది సార్?" అంటారు. ఆ ప్రశ్నలో నాకు ఆసక్తి లేదు. రెండో ప్రశ్న ఎవరు అడిగి ఉండాల్సింది అనేదే నా ప్రశ్న. ఇద్దరిలో ఎవరడిగినా సరిపోయేది.

రెండు గంటలకు

పెట్రోలు అయిపోవచ్చింది. ఒక్కొక్క ఇంజనే ఆగిపోతోంది. తొమ్మిది మందీ పారాచూట్లతో దూకారు. నీళ్లలో పడతామనుకున్నవాళ్లు గట్టి నేల మీద పడ్డారు. చీకట్లో కేకలేసుకుంటూ, సిగ్నల్ లైట్లు పేలుస్తూ ఎనిమిది మంది ఒకచోట చేరారు. వొరావ్కా కనిపించలేదు. అతని పారాచూట్ సరిగా విచ్చుకోలేదని, పడ్డప్పుడే పోయాడని పదిహేడేళ్ల తర్వాత తెలిసింది.

ఖాళీ విమానం తనంతట తాను జారుకుంటూ పోయి ఇంకో 26 కి.మీ. దక్షిణంగా కలాన్షో ఇసుక సముద్రం దగ్గర పొట్ట మీద దిగింది. నేల తాకినప్పుడు ఒక ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంది. వెనక భాగం విరిగింది కానీ మిగతాది దాదాపు అలాగే ఉంది. అందులో నీళ్లున్నాయి, తిండి ఉంది, పనిచేసే రేడియో ఉంది.

వాళ్లకు అది తెలిసే దారి లేదు. తెలిసినా ఏం చేసేవారో చెప్పలేం. ఎందుకంటే వాళ్ల లెక్క ప్రకారం సముద్రతీరం దగ్గరలోనే ఉంది. దూకేటప్పుడు పడింది నేల మీద కాబట్టి బేస్ కాస్త దాటి ఉంటామని అనుకున్నారు. ‘కాస్త’ అంటే ఎంతో వాళ్ల ఊహకు అందలేదు. తీరం ఉత్తరాన ఉంది, బేస్ వాయవ్యాన. కాబట్టి వాయవ్యంగా నడిచారు. అదే గీత, 330, ఇప్పుడు కాళ్లతో.

టోనర్ డైరీ రోజుకు నాలుగైదు ముక్కలే. సోమవారం నడక మొదలైంది, జాన్ జాడ లేదు. ఎనిమిది మందికీ కలిపి సగం క్యాంటీన్ (సైనికుల నీళ్ల సీసా) నీళ్లు, మనిషికి రోజుకు ఒక మూతెడు. మంగళవారం పగలు ఎండ, కదలని గాలి; రాత్రి పదిహేను నిమిషాలు నడక, ఐదు నిమిషాలు ఆగడం. బుధవారం అందరూ నీరసించారు, నిద్ర పట్టలేదు, ప్రార్థనలు. గురువారం ఇసుక దిబ్బలు తగిలాయి, లమాట్ కళ్లు పోయాయి. శుక్రవారం షెల్లీ, రిప్‌స్లింగర్, మూర్ సాయం కోసం ముందుకు వెళ్లారు, మిగతా ఐదుగురు కదలలేక ఆగిపోయారు. శనివారం రెండు పక్షులు కనిపించాయని రాశాడు. ఆదివారం నాలుక తడుపుకోవడానికి మాత్రమే నీళ్లు మిగిలాయి. ఏప్రిల్ 12, సోమవారం, చివరి నమోదు: సాయం రాలేదు, రాత్రి బాగా చలి.

ఆ ఐదుగురు ఆగిన చోటు, దూకిన చోటికి సుమారు 130 కి.మీ. షెల్లీ ఇంకో 32 కి.మీ. పోయాడు. రిప్‌స్లింగర్ ఆ ఐదుగురిని వదిలాక 43 కి.మీ. దాకా నడిచాడు. మూతెడు నీళ్లతో మనిషి ఇంత దూరం పోగలడని ఎడారి సర్వైవల్ పాఠాలు చెప్పేవాళ్లెవరూ అప్పటిదాకా అనుకోలేదు. కానీ ఇంత నడిచినా తీరం ఇంకా నాలుగైదు వందల కిలోమీటర్లు ఉంది.

వాళ్లు తప్పు దిక్కుకు నడవలేదని గమనించండి. ఇల్లు అటే ఉంది. దూరం ఒక్కటే తెలియలేదు.

వెతికిన చోటు

బేస్‌లో వాళ్లు ఏమనుకున్నారు? చివరి బేరింగ్ 330. అంటే విమానం వాయవ్యంలో ఉంది, బేస్‌కు చేరలేదు, కాబట్టి సముద్రంలో పడింది. మధ్యధరా సముద్రం మీద వెతికారు. ఏమీ దొరకలేదు, సముద్రంలో అలా దొరక్కపోవడం మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. టోనర్ మంగళవారం విమానాలేవీ కనిపించలేదని రాసుకున్నాడు. కనిపించే అవకాశమే లేదు. వెతికే విమానాలు ఎగురుతున్నది అదే గీతకు అవతలి కొసన.

ఈ కేసులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ భాగమే. గాల్లో అలసిపోయిన పైలట్ ఒక్క బేరింగ్‌ను నమ్మాడంటే అర్థం చేసుకోవచ్చు. తెల్లవారాక, టేబుల్ మీద మ్యాపు పరుచుకుని, చేతిలో టీ కప్పుతో కూర్చున్నవాళ్లు కూడా దాన్నే నమ్మారు. లూప్‌కు రెండు కొసలుంటాయన్నది అందులో ఎంతోమందికి తెలిసిన విషయమే. టేకాఫ్ టైము తెలుసు, పెట్రోలు ఎంతసేపు వస్తుందో తెలుసు. విమానం కూలడానికి సముద్రం అనే సుళువైన చోటు దొరికాక ఇంకో చోటు వెతకాలని మనిషికి తోచదేమో.

1958లో చమురు కోసం సర్వే చేస్తున్న బ్రిటిష్ విమానాల నుంచి ఎడారిలో ఒక బాంబర్ కనిపించింది. 1959 మొదట్లో భూగర్భ నిపుణులు నేల మీద నుంచి అక్కడికి చేరారు. ఆ ఏడాది మేలో ట్రిపోలీ దగ్గరి వీలస్ ఎయిర్ బేస్ నుంచి అమెరికన్ బృందం వచ్చింది. తుపాకులు పేలాయి, రేడియో పనిచేసింది. లోపల ఒక్క మనిషీ లేడు, పారాచూట్లూ లేవు. ఉత్తరంగా వెతుకుతూ పోతే, బూట్లూ పారాచూట్ ముక్కలూ బాణం గుర్తుల్లా పెట్టి రాళ్లతో అదిమి ఉన్నాయి. వెనక వచ్చేవాళ్లకు దారి చూపడానికి, బహుశా వొరావ్కా కోసం.

1960 ఫిబ్రవరి 11న చమురు కంపెనీ పనివాళ్లకు ఐదుగురి అవశేషాలు దొరికాయి: హాటన్, టోనర్, హేస్, ఆడమ్స్, లమాట్. డైరీ దొరికిందీ అప్పుడే. మేలో షెల్లీ, ఐదు రోజుల తేడాతో రిప్‌స్లింగర్. ఆగస్టులో వొరావ్కా. మూర్ దొరకలేదు. విమానాన్ని 1994లో లిబియా వాళ్లు ముక్కలుగా తోబ్రుక్‌కు తరలించారు.

క్లాసులో

ఈ కేసు చెప్పాక ఒక అభ్యాసం ఇస్తాను. ఒకరు హాటన్, ఒకరు బెనీనా ఆపరేటర్. మధ్యలో అట్ట అడ్డం. ఆపరేటర్ దగ్గర 330 అనే అంకె తప్ప ఏమీ ఉండదు. ఎన్ని ప్రశ్నల్లో విమానం ఏ కొసన ఉందో తేలుస్తావో చూద్దాం అంటాను. కథ విన్న వెంటనే చేస్తున్నా, సగం మంది మొదట అడిగేది "మీకేం కనిపిస్తోంది?" అని. రాత్రి, కింద ఏమీ కనిపించదు అని జవాబు వస్తుంది. అక్కడ ఒక ప్రశ్న వృథా.

కిందటి బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఆపరేటర్ కుర్చీలో కూర్చుంది. కాసేపు ఆలోచించి హాటన్‌ను ఏమీ అడగలేదు. నా వైపు తిరిగి, "సార్, వీళ్లు ఎన్నింటికి టేకాఫ్ అయ్యారో, టార్గెట్ దగ్గర ఎన్నింటికి తిరిగారో నాకు తెలుసా?" అంది.

"నువ్వు బెనీనాలో ఉన్నావు. టేకాఫ్ బోర్డు సొలూక్‌లో ఉంది. యాభై కిలోమీటర్లు" అన్నాను.

"ఫోన్ ఉందా?"

ఉందనుకో అన్నాను. ఆమె బల్ల మీద లేని ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది, ఎడమ చేత్తో కాగితం మీద 7:50 రాసుకుంటూ.